ఒకే కాగితం మీద కార్నెగీ, గాంపర్స్

2003 ఫిబ్రవరి 15న, ఇరాక్ మీద యుద్ధం రేపో మాపో అన్న రోజుల్లో, ప్రపంచంలో చాలాచోట్ల ఊరేగింపులు జరిగాయి. అమెరికాలో మేముండే చిన్న ఊళ్ళో జరిగినదాంట్లో నేనూ నడిచాను. నా పక్కన నడుస్తున్న పెద్దాయన మంచి మాటకారి. చలికి నేను వణుకుతుంటే తన ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చాడు. కాసేపయ్యాక తాను ఎందుకొచ్చాడో చెప్పాడు. ఆ ఎడారి జనం ఒకళ్ళనొకళ్ళు చంపుకుంటే మనకేమిటి, వాళ్ళని బాగుచేయడానికి మన పిల్లలు చావడమేమిటి, అసలు అలాంటి దేశాల మనుషుల్ని ఇక్కడికి రానివ్వడమే మొదటి తప్పు అన్నాడు. నేనూ అలాంటి దేశం నుంచే వచ్చానన్న సంగతి ఆయనకి తట్టినట్టు లేదు. ఆయన పోసిన కాఫీ నా చేతిలోనే ఉంది. నేనేమీ అనలేదు. ఇద్దరం ఒకే నినాదం అరుచుకుంటూ చివరిదాకా నడిచాం.

నా మౌనం ఉపాయమా, పిరికితనమా అన్నది చాన్నాళ్ళు తేలలేదు. యుద్ధం ఆపాలంటే మంది కావాలి. మనలా ఆలోచించేవాళ్ళు ఎప్పుడూ గుప్పెడుమందే. ఆ గుప్పెడుమందితో సభ పెట్టుకుని, మనకి మనమే చప్పట్లు కొట్టుకుని ఇంటికెళ్ళిపోవడం తేలిక. ఆ పెద్దాయన్ని, ఆయనలాంటి వేలమందిని కలుపుకుంటే కదా పైవాళ్ళకి వినపడేది! ఇలా ఒక వైపు అనిపించేది. ఇంకో వైపు ఆ కాఫీ గుర్తొచ్చేది.

తరవాతెప్పుడో ఫిలిప్పీన్స్ యుద్ధం గురించి చదువుతుంటే అమెరికన్ యాంటీ ఇంపీరియలిస్ట్ లీగ్ కనపడింది. ఈ ప్రశ్న పూర్వం ఎవరికైనా ఇంత నిక్కచ్చిగా ఎదురైందా అంటే, ఎదురైంది వీళ్ళకే.

కథ 1898 నాటిది. క్యూబా పేరుతో స్పెయిన్‌తో మొదలుపెట్టిన యుద్ధంలో అమెరికా కొద్ది నెలల్లోనే గెలిచింది. గెలుపుతో పాటు చేతిలోకి ఫిలిప్పీన్స్ వచ్చిపడింది. అక్కడ అప్పటికే ఎమిలియో ఆగినాల్డో నాయకత్వంలో స్పెయిన్ మీద తిరుగుబాటు నడుస్తోంది. జూన్ 12న వాళ్ళు స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు కూడా. అయినా డిసెంబరు 10న పారిస్‌లో కుదిరిన ఒప్పందంలో స్పెయిన్ ఫిలిప్పీన్స్‌ని అమెరికాకి రాసిచ్చింది. అందుకు ప్రతిగా పుచ్చుకున్నది 2 కోట్ల డాలర్లు. ఫిలిపీనోల తరపున ఫెలిపె అగోన్సిల్యో అనే లాయరు పారిస్ దాకా వెళ్తే, సంప్రదింపులు జరుగుతున్న గదిలోకి ఆయన్ని రానివ్వలేదు.

దీన్ని ఆపాలని నవంబరు 19న బోస్టన్‌లో లీగ్ పుట్టింది. అధ్యక్షుడు జార్జ్ బౌట్‌వెల్. ఎనభయ్యేళ్ళ ముసలాయన, ఒకప్పుడు గ్రాంట్ ప్రభుత్వంలో ఆర్థికమంత్రి, అంతర్యుద్ధం తరవాత నల్లవాళ్ళకి ఓటుహక్కు కోసం కొట్లాడిన రిపబ్లికన్. బోస్టన్ పెద్దమనుషులు సంఘం పెట్టడం వింతేమీ కాదు, వాళ్ళకి అది అలవాటే. వింతంతా ఉపాధ్యక్షుల జాబితాలో ఉంది. డెమొక్రాట్ మాజీ అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లండ్ ఉన్నాడు. తత్త్వవేత్త విలియం జేమ్స్ ఉన్నాడు. కొన్నాళ్ళకి మార్క్ ట్వేన్ వచ్చి చేరాడు. అదే జాబితాలో ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ, అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ అధ్యక్షుడు శామ్యూల్ గాంపర్స్ కూడా ఉన్నారు.

ఆ చివరి రెండు పేర్ల దగ్గర నేను ఆగిపోయాను. అంతకు ఆరేళ్ళ ముందు, 1892 జులైలో, పెన్సిల్వేనియాలోని హోమ్‌స్టెడ్‌లో కార్నెగీ కర్మాగారం కార్మికుల్ని బయటికి నెట్టి గేట్లు మూసేసింది. యూనియన్‌ని విరగ్గొట్టడానికి పింకర్టన్ ఏజన్సీ నుంచి 300 మంది తుపాకీవాళ్ళని పడవల్లో ఎక్కించి నది మీదుగా తెప్పించారు. తెల్లవారుజాము నుంచి సాయంత్రం దాకా కాల్పులు. రెండు పక్షాలా మనుషులు చచ్చిపోయారు. దగ్గరుండి ఈ పని నడిపించింది మేనేజరు ఫ్రిక్. కార్నెగీ ఆ వేసవిలో స్కాట్లండ్‌లో ఉన్నాడు. విరిగిన యూనియన్ గాంపర్స్ ఫెడరేషన్‌కి చెందినదే. ఇప్పుడు ఆ గాంపర్స్, ఆ కార్నెగీ ఒకే కాగితం కింద సంతకాలు పెట్టారు. గాంపర్స్‌కి చెయ్యి వణికిందో లేదో మనకి తెలియదు. తక్కువ సంగతి మాత్రం కాదు.

మరి వీళ్ళందరినీ కలిపి ఉంచినదేమిటి? ఫిలిప్పీన్స్‌ని కలుపుకోవద్దన్న ఒక్క మాట. ఎందుకు వద్దు అన్నదాని జోలికి పోలేదు. పోతే సభ అక్కడే రెండో మూడో ముక్కలయ్యేది. బౌట్‌వెల్‌కి, బోస్టన్ లాయరు మూర్‌ఫీల్డ్ స్టోరీకి ఇది స్వాతంత్ర్య ప్రకటనకి సంబంధించిన విషయం. పాలితుల సమ్మతి లేని పాలన చెల్లదని చెప్పి పుట్టిన దేశం, ఇంకో జాతిని డబ్బిచ్చి ఎలా కొంటుంది అన్నది వాళ్ళ వాదం. కార్నెగీ లెక్క వ్యాపారిది. సముద్రాల అవతల వలసలు పెట్టుకుంటే సైన్యం, నౌకాదళం, పన్నులు, ఐరోపా రాజ్యాలతో తగాదాలు వస్తాయి. వీటికి తోడు రాజరికాలంటే ఆయనకి చిన్నప్పటి నుంచీ కచ్చ. ఆ 2 కోట్లూ తానే ఇచ్చేస్తాను, ఫిలిపీనోలని వాళ్ళ మానాన వదిలేయమని అధ్యక్షుడు మెకిన్లీకి చెప్పి పంపాడని అంటారు. కార్ల్ షర్జ్ అంతర్యుద్ధంలో బానిసత్వానికి ఎదురునిలిచి పోరాడిన జర్మన్ వలసదారు. అలాంటివాడు కూడా ఉష్ణదేశాల జనం ప్రజాస్వామ్యానికి పనికిరారు, వాళ్ళని కలుపుకుంటే మన ప్రజాస్వామ్యమే చెడుతుంది అని వాదించాడు. గాంపర్స్ భయం ఇంకా మొరటుది. దీవులు అమెరికావి అయితే ఆ దీవుల కూలీలు, వాళ్ళ వెనకే చైనా కూలీలు అడ్డూ ఆపూ లేకుండా వచ్చి మన కూలిరేట్లు పడగొడతారని. ఆయన చైనా వాళ్ళని దేశంలోకి రానివ్వని చట్టానికి గట్టి సమర్థకుడు.

అంటే నా పక్కన నడిచిన పెద్దాయన ఆ జాబితాలో కూడా ఉన్నాడన్నమాట, అదీ ఒక్కడే కాదు.

జాబితా బయట ఉన్నవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. ఒప్పందం చెల్లాలంటే సెనేట్‌లో మూడింట రెండు వంతుల ఓట్లు పడాలి. అడ్డుకోవాలంటే మూడింట ఒక వంతుకి మించి సమకూర్చుకోవాలి. రిపబ్లికన్లు దాదాపు అంతా మెకిన్లీ వెనక ఉన్నారు. కాబట్టి ఆ ఓట్లు ముఖ్యంగా దక్షిణాది డెమొక్రాట్ల నుంచి రావాలి. వాళ్ళలో గొంతు పెద్దది సౌత్ కరొలైనా సెనేటర్ బెన్ టిల్మన్‌ది. 1895లో తన రాష్ట్రపు రాజ్యాంగాన్ని తిరగరాయించి నల్లవాళ్ళ ఓట్లు తీయించినవాడు, ఆ సంగతి సభలో గొప్పగా చెప్పుకున్నవాడు. 1898 అక్టోబరులో పొరుగున ఉన్న నార్త్ కరొలైనా వెళ్ళి తెల్లజాతి పెత్తనం కోసం ప్రసంగాలు చేసొచ్చాడు. నవంబరు 10న ఆ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో సాయుధ తెల్ల మూకలు నల్లవాళ్ళని చంపి, ఎన్నికైన నగర ప్రభుత్వాన్ని తుపాకులు చూపించి దింపేశాయి. లీగ్ పుట్టింది దానికి సరిగ్గా తొమ్మిది రోజుల తరవాత.

టిల్మన్ లీగ్ సభ్యుడు కాడు. కాని సెనేట్‌లో లీగ్ కోరుకున్న వైపే ఓటేశాడు. 1899 ఫిబ్రవరిలో, అప్పుడే అచ్చయిన కిప్లింగ్ పద్యాన్ని, తెల్లవాడి బరువు గురించినదాన్ని, సభలో చదివి వినిపించాడు. చాలామంది ఆ పద్యాన్ని దండయాత్రకి పిలుపుగా చదివారు. టిల్మన్ దాన్ని హెచ్చరికగా చదివాడు. రంగు తక్కువ జాతులతో వేగడం ఎలా ఉంటుందో దక్షిణాది వాళ్ళకి తెలుసు, ఇంకో కోటిమందిని నెత్తికెత్తుకోవద్దు అన్నది ఆయన సారాంశం. పైగా ఉత్తరాది రిపబ్లికన్లని దెప్పిపొడిచాడు, మీరు మనీలాలో చేస్తున్నదే కదా మేమిక్కడ చేస్తున్నది అని. ఈ దెప్పుడికి రిపబ్లికన్ల దగ్గర జవాబు లేదు. అవతల రిపబ్లికన్లు కూడా లీగ్ వాళ్ళని అదే అడిగేవాళ్ళు: పాలితుల సమ్మతి అంటున్నారే, మీ దక్షిణాది మిత్రులు నల్లవాళ్ళ సమ్మతి అడిగారా? దానికి లీగ్ దగ్గరా మంచి జవాబు లేదు.

ఓటింగు 1899 ఫిబ్రవరి 6న. దానికి రెండు రోజుల ముందు, 4వ తేదీ రాత్రి, మనీలా శివార్లలో అమెరికన్ సైనికుడొకడు తుపాకి పేల్చాడు, యుద్ధం మొదలైపోయింది. వాషింగ్టన్‌లో ఉన్న అగోన్సిల్యో ఆ కబురు తెలియగానే రైలెక్కి కెనడా వెళ్ళిపోయాడు. ఒప్పందానికి అనుకూలంగా 57, వ్యతిరేకంగా 27. కావలసినవి 56. రిపబ్లికన్లలో ఎదురు ఓటేసినవాళ్ళు ఇద్దరే, మసాచుసెట్స్ నుంచి జార్జ్ హోర్, మెయిన్ నుంచి యూజీన్ హేల్.

అలా జారిపోవడానికి ఒక పెద్ద కారణం విలియం జెన్నింగ్స్ బ్రయన్. 1896లో డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి, రైతులకి దేవుడు, దీవులు కలుపుకోవడానికి పూర్తి వ్యతిరేకి. అయినా తన పార్టీ సెనేటర్లకి ఒప్పందాన్ని ఆమోదించమని చెప్పాడు. ముందు స్పెయిన్‌తో యుద్ధం చట్టప్రకారం ముగియనిద్దాం, ఆ తరవాత మనమే తీర్మానం చేసి ఫిలిపీనోలకి స్వాతంత్ర్యం ఇద్దాం, ఆ అంశం మీదే 1900 ఎన్నికల్లో గెలుద్దాం అన్నది ఆయన ఎత్తు. ఆయన మాట విని ఎందరు మారారో చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ తరవాతి తీర్మానం రానే వచ్చింది. జార్జియా సెనేటర్ బేకన్ పెట్టిన ఆ తీర్మానం, స్థిరమైన ప్రభుత్వం ఏర్పడగానే దీవులకి స్వాతంత్ర్యం ఇస్తామని మాటివ్వాలంటుంది. ఫిబ్రవరి 14న ఓట్లు 29, 29. ఉపాధ్యక్షుడు హోబార్ట్ తన ఓటుతో దాన్ని పడగొట్టాడు.

ఒకసారి ఒక్క ఓటు, ఇంకోసారి ఒక్క ఓటు. ఇది చదివినప్పుడల్లా నాకు కూటములు కట్టేవాళ్ళ వాదం బలంగా అనిపిస్తుంది. చేతులు శుభ్రంగా ఉంచుకోవడం కోసం టిల్మన్‌ని దూరం పెట్టమని మనీలా బయట కందకాల్లో ఉన్నవాడికి చెప్పి చూడండి. ఇంకొక్క ఇద్దరు టిల్మన్‌లు దొరికుంటే ఒప్పందం ఆగిపోయేది. రాబోయే మూడున్నరేళ్ళలో 4,000 మందికి పైగా అమెరికన్ సైనికులు, సుమారు 20,000 మంది ఫిలిపీనో యోధులు పోయారు. యుద్ధం, కరువు, కలరా కలిసి 2 లక్షలమంది దాకా పౌరుల్ని తీసుకుపోయాయని మామూలుగా చెప్పే అంచనా. ఇంత పెద్ద లెక్క ముందు నా కాఫీ కప్పు ఇబ్బంది ఎంతని?

కాని కూటమి అసలు గుణం తేలింది సెనేట్‌లో కాదు. సెనేట్‌లో వద్దు అనడం ఒక్కటే పని, ఎవరి కారణం వాళ్ళ జేబులో ఉన్నా ఓటు పడుతుంది. 1900 ఎన్నికల్లో అలా కుదరదు. అక్కడ ఎవరినో ఒకరిని కావాలి అనాలి. బ్రయన్ సామ్రాజ్యవాదమే ఈసారి అసలు సమస్య అన్నాడు గాని, వెండి నాణేల వాదాన్ని మాత్రం వదల్లేదు. డబ్బు చలామణీ పెంచి అప్పుల రైతుని బతికించాలన్నది ఆ వాదం. కార్నెగీ, క్లీవ్‌లండ్‌లాంటి బంగారు నాణేల వాళ్ళకి అది సామ్రాజ్యం కన్నా పెద్ద ప్రమాదం. ఆగస్టు నడిమిలో ఇండియానాపోలిస్‌లో సభ పెట్టి లీగ్ బ్రయన్‌ని బలపరిచింది. ముసలి బౌట్‌వెల్ జీవితమంతా ఉన్న పార్టీని వదిలి ఆ సభకి అధ్యక్షత వహించాడు. షర్జ్ ముక్కు మూసుకుని బ్రయన్‌కి జై కొట్టాడు. క్లీవ్‌లండ్ మాట్లాడలేదు. ఒప్పందానికి ఎదురు ఓటేసిన హోర్, రిపబ్లికన్ని కాబట్టి మెకిన్లీకే అన్నాడు. కార్నెగీ కూడా మెకిన్లీ వైపే పోయాడు. తన ఆత్మకథలో మాత్రం ఒప్పందం నెగ్గడానికి బ్రయన్‌దే తప్పని రాసుకున్నాడు, ఆయనతో ఏళ్ళ తరబడి మనసారా మాట్లాడలేకపోయానని కూడా. 2 కోట్లు ఇస్తానన్నవాడు ఒక్క ఓటు ఇవ్వలేకపోయాడు.

ఇక్కడ నల్లవాళ్ళ సంగతి చూడండి. వాళ్ళ పత్రికల్లో ఫిలిప్పీన్స్ యుద్ధం మీద తీవ్రమైన చర్చ నడిచింది. చాలామందికి ఫిలిపీనోల్లో తమ ముఖమే కనిపించింది. మనీలాకి పంపిన దళాల్లో నల్లవాళ్ళ రెజిమెంట్లున్నాయి. 24వ పదాతిదళానికి చెందిన డేవిడ్ ఫేగన్ 1899 నవంబరులో అవతలి పక్షంలోకి వెళ్ళిపోయి గెరిల్లా నాయకుడయ్యాడు. అయితే యుద్ధాన్ని ఎదిరించాలంటే బ్రయన్‌కి ఓటెయ్యాలి. బ్రయన్ పార్టీ అంటే టిల్మన్ పార్టీ, విల్మింగ్టన్ పార్టీ. ఇండియానాపోలిస్ సభకి రెండు వారాల ముందే, ఆగస్టు 2న, నార్త్ కరొలైనాలో అదే పార్టీ నల్లవాళ్ళ ఓటు తీసేసే సవరణ నెగ్గించుకుంది. ఆ పార్టీకి ఓటెయ్యమని పిలుపిచ్చే సభ ఈ సవరణ గురించి ఏం మాట్లాడగలదు? బిషప్ హెన్రీ మెక్‌నీల్ టర్నర్‌లాంటి కొద్దిమంది గుండె రాయి చేసుకుని బ్రయన్‌ని సమర్థించారు. ఓటు మిగిలిన నల్లవాళ్ళలో ఎక్కువమంది, యుద్ధం నచ్చకపోయినా, మెకిన్లీనే అంటిపెట్టుకున్నారు. వాళ్ళని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. నా ఊరేగింపులో నేను మింగినది ఒక మాట. వాళ్ళని మింగమన్నది తమ ఓటుని.

ఆగినాల్డో మనుషులు కూడా ఆ ఎన్నిక కోసమే కాచుకుని ఉన్నారు. బ్రయన్ గెలుస్తాడు, యుద్ధం ఆగుతుంది అని అడవుల్లో గెరిల్లాలకి చెప్పుకుంటూ నవంబరు దాకా నెట్టుకొచ్చారు. మెకిన్లీకి 292 ఎలక్టొరల్ ఓట్లు, బ్రయన్‌కి 155. ఆ తరవాత లొంగుబాట్లు పెరిగాయి. 1901 మార్చి 23న ఆగినాల్డో పట్టుబడ్డాడు.

పెద్ద కూటమి చెదిరిపోయాక మిగిలినవాళ్ళు కొద్దిమంది. నా దృష్టిలో లీగ్ చేసిన గట్టి పని అప్పుడు జరిగింది. ఫిలడెల్ఫియాలో హెర్బర్ట్ వెల్ష్ తిరిగొచ్చిన సైనికుల్ని వెతికి పట్టుకుని వాళ్ళు చూసినవి రాయించాడు. నోట్లో బలవంతంగా నీళ్ళు పోసి, పొట్ట ఉబ్బాక నొక్కి కక్కించే చిత్రహింస గురించి 1902లో సెనేట్ కమిటీ ముందు సైనికులే సాక్ష్యం చెప్పారు. సమర్ దీవిలో జనరల్ జేకబ్ స్మిత్ ఇచ్చిన ఆజ్ఞ సైనిక న్యాయస్థానంలో బయటపడింది. ఆయుధం పట్టగల ప్రతివాణ్ణీ చంపాలి, వయసు పదేళ్ళు దాటితే చాలునట. అతనికి పడిన శిక్ష మందలింపు, ఉద్యోగ విరమణ. స్టోరీ, జూలియన్ కాడ్‌మన్ కలిసి ఈ సాక్ష్యాలన్నీ గుచ్చి యుద్ధమంత్రి రూట్ మీద ఒక పుస్తకమే వేశారు. అక్కడ ఎవరి మొహమాటానికీ ఏదీ దాచనక్కరలేకపోయింది. ఈ స్టోరీయే 1909లో పుట్టిన ఎన్.ఎ.ఎ.సి.పి.కి, అంటే నల్లవాళ్ళ హక్కుల సంఘానికి, తొలి అధ్యక్షుడయ్యాడు. 1917లో సుప్రీంకోర్టులో వాదించి, నల్లవాళ్ళు ఫలానా వీధిలో ఇల్లు కొనకూడదనే నగరచట్టాన్ని కొట్టేయించాడు. ఆ ముసలి లాయరుకి మనీలా, విల్మింగ్టన్ ఒకటేనని తెలుసు. లీగ్ ఆ మాట లీగ్‌గా చెప్పలేకపోయింది.

నలభయ్యేళ్ళ తరవాత ఇలాంటి కూటమే ఇంకొకటి వచ్చింది. ఆ యుద్ధం అసలు ఆపదగ్గదేనా అన్నది వేరే పెద్ద చర్చ. సోషలిస్టు నాయకుడు నార్మన్ థామస్ 1941 మే 23న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అమెరికా ఫస్ట్ కమిటీ వేదిక ఎక్కాడు, చార్లెస్ లిండ్‌బర్గ్ పక్కన. మొదటి యుద్ధం నాటి నుంచీ ఆయన యుద్ధవ్యతిరేకి, కార్మికుల మనిషి. వేదిక ఒకటైనా మాట నాదే కదా అనుకుని ఉంటాడు. సెప్టెంబరు 11న డె మొయిన్‌లో లిండ్‌బర్గ్ దేశాన్ని యుద్ధంలోకి తోస్తున్నది బ్రిటిష్ వాళ్ళు, యూదులు, రూజ్‌వెల్ట్ ప్రభుత్వం అని పేర్లు పెట్టి చెప్పాడు. థామస్ ఆ కమిటీ వేదికలు ఎక్కడం మానేశాడు. అప్పటికి ఆలస్యమైంది. ఆయన అంతకు ముందు మాట్లాడిందంతా జనం లిండ్‌బర్గ్ ఖాతాలోనే రాసేశారు.

మళ్ళీ అలాంటి ఊరేగింపు వస్తే నేను ఆ పెద్దాయన పక్కన నడుస్తాను. ఒక్క ఓటుతో రెండుసార్లు ఓడిపోయినవాళ్ళ కథ చదివాక నడవనని అనలేను. ఈసారి మాత్రం కాఫీ తాగుతూనే, నేనే ఆ రకం మనిషినండీ అని చెప్తాను. దానికి ఆయన పక్క వరసలోకి వెళ్ళిపోతే, ఆయనెప్పుడో ఒకప్పుడు వెళ్ళేవాడే అనుకుంటాను, కార్నెగీలాగ.

ఫిలిప్పీన్స్‌కి స్వాతంత్ర్యం ఎలా వచ్చిందో చెప్పి ఆపుతాను. 1930ల ఆర్థికమాంద్యంలో కాలిఫోర్నియా పొలాల్లో పనిచేసే ఫిలిపీనో కూలీల మీద తెల్లవాళ్ళకి కోపం ముదిరింది. 1930 జనవరిలో వాట్సన్‌విల్‌లో మూకలు వాళ్ళ మీద పడి కొట్టాయి, ఒక కుర్రాణ్ణి కాల్చి చంపాయి. దీవుల నుంచి సుంకం లేకుండా వచ్చే పంచదార, కొబ్బరినూనె ఇక్కడి బీట్ రైతులకీ, పాడి రైతులకీ కంట్లో నలుసయ్యాయి. గాంపర్స్ అప్పటికి పోయి చాన్నాళ్ళయింది గాని, ఆయన ఫెడరేషన్ ఫిలిపీనోల రాక ఆపాలని పట్టుబట్టింది. దీవులు మనవిగా ఉన్నంతకాలం అక్కడి జనాన్ని విదేశీయులని ఆపడం కుదరదు. అందుకని 1934లో మేరీలండ్ సెనేటర్ టైడింగ్స్, అలబామా ప్రతినిధి మెక్‌డఫీ పేర్లతో చట్టం వచ్చింది. పదేళ్ళ మధ్యకాలం తరవాత స్వాతంత్ర్యం. ఆ పదేళ్ళూ దీవుల మీద అమెరికా జెండాయే ఎగురుతుంది, జనం మాత్రం చట్టం అమల్లోకి వచ్చిన రోజు నుంచీ విదేశీయులే. అమెరికా వచ్చి స్థిరపడటానికి వాళ్ళకి కేటాయించిన కోటా, మొత్తం దేశానికి కలిపి, ఏడాదికి 50 మంది.